సగం వాడిన బ్యాటరీ

తైచుంగ్ నగరంలోని ఒక చిన్న వర్క్‌షాపులో గువో షూఫెన్ ఇరవై రెండేళ్లుగా సర్క్యూట్లు పరీక్షిస్తోంది. కొండచరియ కదిలితే మోగే డబ్బాలు అక్కడే తయారయ్యాయి. వాటి బ్యాటరీ మూడేళ్లు రావాలి. ఒక కొండ మీది ఇళ్ల దగ్గర పెట్టిన నాలుగు నెలలకే ఒక్కొక్కటీ మూగబోవడం మొదలైంది.

డబ్బా ఊరికే ఉన్నప్పుడు ఎంత కరెంటు తాగుతోందో షూఫెన్ కొలిచింది. కొత్త బ్యాటరీతో మీటరు ఇరవై మైక్రోయాంపులే చూపించింది. విడిభాగాలు ఒక్కొక్కటే ఊడదీసి చూసినా తప్పు దొరకలేదు. పదకొండో రోజున, కొండ నుంచి తిరిగొచ్చిన డబ్బాను పగలగొట్టి, అందులోని సగం వాడిన బ్యాటరీని తీసి తగిలించింది. మీటరు మూడు వందలు దాటింది. బ్యాటరీ వోల్టేజీ కాస్త పడిపోయేసరికి, దాన్ని నిలకడగా ఉంచాల్సిన రెగ్యులేటర్ చిప్పే కరెంటంతా తాగేస్తోంది.

“చిప్పు మార్చాలి, లై గారూ,” అంది యజమానితో.

“కొత్తవాటికి మారుద్దాం. కొండ మీదవి ఏం చేస్తాం అక్కా? నీళ్లు చొరకుండా గట్టిపడే రెసిన్ పోసి మూసేశాంగా, విప్పితే పగులుతాయి. మళ్లీ చేసేలోపు తుఫాన్లు వచ్చేస్తాయి.”

ఆదివారం షూఫెన్ బస్సెక్కి ఆ కొండకు వెళ్లింది. మొదటి ఇంటి ముందు తేయాకు ఆరబోస్తున్న జువాంగ్ అనే ముసలాయనతో, “ఆ డబ్బాను నమ్మకండి తాతా, గట్టి వాన పడితే కిందికి వచ్చేయండి,” అని చెప్పింది.

“అది మోగేదాకా హాయిగా పడుకోమన్నది మీవాళ్లేగా?” అని ఆయన నవ్వాడు. “వాన పడ్డప్పుడల్లా దిగితే తోట నువ్వు చూస్తావా?”

షూఫెన్ పక్కింటికి నడిచింది. మిగతా పదహారు ఇళ్లలోనూ అదే మాట చెప్పింది. దిగుతామని ఒక్కరూ అనలేదు.