శంషాబాద్ నుంచి గువాహటికి రెండున్నర గంటలు

మా వారికి గువాహటి బదిలీ అయిందని తెలిసిన రోజు ఫోనులో మ్యాప్ తెరిచి ఆ ఊరు ఎక్కడుందో వెతికాను. హైదరాబాద్ నుంచి గాలి మార్గంలో దాదాపు పదిహేడు వందల కిలోమీటర్లు. రైల్లో అయితే రెండు రోజుల పైనే. రాజేంద్రనగర్‌లో నాకు బడిలో ఉద్యోగముంది, ఇల్లుంది. మీరు వెళ్లండి, నేను మాత్రం రాలేనని తేల్చి చెప్పేశాను. ఆయన బలవంతపెట్టలేదు. ఒక్కసారి వచ్చి ఊరు చూసి, అప్పుడు చెప్పమన్నారు. డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

నెల ముందే కొనడం వల్ల, నేరుగా వెళ్లే విమానానికి టికెట్టు ఆరు వేల చిల్లరలో దొరికింది. తెల్లవారుజామున క్యాబ్ ఎక్కితే రోడ్డంతా ఖాళీ. అరగంటలో శంషాబాద్ చేరాను. తనిఖీలన్నీ అయ్యాక కాఫీ తాగడానికి కూడా తీరిక దొరికింది.

విమానంలో నా పక్కన, ఎడమవైపు కిటికీ దగ్గర అండాలమ్మ అనే ఆవిడ కూర్చుంది. హైదరాబాద్ పక్కనున్న కందుకూరు దగ్గర పల్లెలో టమాటా పండిస్తారట. కూతురు పోలీసు దళంలో చేరి గువాహటిలో పనిచేస్తోందని, ఈ టికెట్టు ఆ అమ్మాయే పంపిందని చెప్పింది. రెండేళ్లుగా రమ్మంటున్నా, అంత దూరం తన వల్ల కాదని ఆగిపోయిందట. విమానం పరుగందుకోగానే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“జర నా చెయ్యి ఇడువకు బిడ్డా,” అంది.

వదల్లేదు. చెవులు నొప్పెడితే చప్పరించడానికి ఒక బిళ్ల ఇచ్చాను. కాసేపటికి ఆవిడే తేరుకుని సంచిలోంచి పల్లీ ఉండలు తీసి నా చేతిలో పెట్టింది. దిగడానికి ముందు దూరంగా తెల్లటి గీతలా ఏదో కనిపించింది. ఇద్దరం మబ్బులే అనుకున్నాం. అవి మంచుకొండలని వెనక సీటాయన చెప్పాడు. ఆ మాటల్లోనే, దిగబోతున్నామన్న ప్రకటన వినిపించింది.

“గప్పుడే వచ్చిందా? గింత దానికేనా నేను రెండేండ్లు పరేషాన్ అయింది?” అని అండాలమ్మ నా వైపు తిరిగింది.

బయట యూనిఫాంలో నిలబడ్డ కూతుర్ని చూడగానే ఆవిడ సంచి కింద పెట్టేసి, అమ్మాయి భుజాలు, చేతులు తడిమి చూసుకుంది. కొంచెం అవతల మా వారు నిలబడి ఉన్నారు.

టాక్సీ బ్రహ్మపుత్ర పక్కకు వచ్చాక చెప్పాను: “పరీక్షలయ్యాక సెలవు పెట్టి వచ్చేస్తాను. నది కనిపించే ఇల్లు చూడండి.”

ఆయన డ్రైవర్ని కాస్త నెమ్మదిగా పోనివ్వమన్నారు.

రాజేంద్రనగర్‌లో తాళం వేసింది మొదలు ఆయన గదిలో చెప్పులు విప్పే వరకు ఏడు గంటలు కూడా పట్టలేదు. అమలాపురంలోని మా పుట్టింటికి బస్సులో అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ ఊరిని నేనెన్నడూ దూరమనుకోలేదు. నేను భయపడింది కిలోమీటర్లకు కాదేమో, ఎవరూ తెలియని చోట దిగడానికేమో. దిగేసరికి నాకోసం ఒక మనిషి ఎదురుచూస్తూనే ఉన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. చలికాలంలో అక్కడ ఐదింటికే చీకటి పడుతుంది, అందుకని పొద్దున విమానమే ఎంచుకోండి. సీటు మాత్రం ఎడమవైపు కిటికీ పక్కనే తీసుకోండి.