మా ఇంట్లో ఇంటర్వ్యూ బోర్డు

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు: నేను దరఖాస్తు పెట్టిన గవర్నమెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ తీసేశారని, ఇక రాతపరీక్ష మార్కులే చాలని తెలిసిన రోజు స్నానాలగదిలో తలుపేసుకుని గంతులేశాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు.

గంతులయ్యాక తాత గుర్తొచ్చారు. ఆయన ప్యూనుగా ఉన్నన్నాళ్లూ ఇంటర్వ్యూ గది బయట నిలబడి పేర్లు పిలిచారు. ఇప్పుడు రెండు నెలలుగా, సాయంత్రం కాగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మా తిరువొత్తియూరు ఇంట్లో అధికారిలా కుర్చీలో కూర్చుని నన్ను ప్రశ్నలడుగుతున్నారు.

భయపడుతూనే చెప్పాను. "ఇంటర్వ్యూ రద్దయింది తాతా."

తాత చేతిలోని కాగితం వైపు చూసుకున్నారు. ఇంకా పదకొండు ప్రశ్నలున్నాయి.

"వాళ్లు రద్దు చేస్తే చేసుకోనీమ్మా. ఈడ కాలేదు. బయటికి పొయ్యి, తలుపు కొట్టి రా."