నాలుగో గంట

2023 జూన్‌లో మేడ్చల్‌లోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో డయాలిసిస్ టెక్నీషియన్‌గా చేరాను. నాకది మొదటి ఉద్యోగం. రెండో అంతస్తులో అయిదు మంచాలు, అయిదు మెషిన్లు. కిటికీ తెరిస్తే హైవే మీది లారీల హారన్లు, మూస్తే మెషిన్ల అలారాలు. కిడ్నీలు పనిచేయనివారి రక్తాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి, ఒంట్లో చేరిన నీటిని తగ్గించి తిరిగి పంపడం మా పని. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. చేతిలో రెండు సూదులు ఉంటాయి కాబట్టి అంతసేపూ ఆ చెయ్యి కదపకూడదు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఇక్కడ మెషిన్లతో పని ఎక్కువ, మనుషులతో తక్కువ అనుకునే చేరాను. ఆ అంచనా యాదగిరిగారితో మూడో రోజే పోయింది.

ఆయనకు నలభై అయిదేళ్లుంటాయి. అలియాబాద్‌లో బోరు మోటార్లు బాగుచేస్తారు. భార్య లక్ష్మి మేడ్చల్ మార్కెట్ దగ్గర టిఫిన్ సెంటర్లో పనిచేసేది. ఆయన్ని మా దగ్గర దింపి పనికి పోయి, అయ్యే వేళకు వచ్చేది. రెండు ఆటోలు మారి రావాలి కాబట్టి అందరికంటే ఆలస్యంగా వచ్చేవారు. ఆఖరున ఎక్కినవాళ్లు ఆఖరునే దిగుతారు.

మూడు గంటలు బాగానే ఉండేవారు. తర్వాత మొదలయ్యేది. టైమెంత అని అడిగేవారు, లక్ష్మికి ఫోన్ చేసేవారు, మళ్లీ టైమెంత అనేవారు. కాలు ఊపుతూ, దుప్పటి లాగుతూ, తలుపు వైపే చూస్తూ ఉండేవారు.

"బిడ్డా, ఇగ సాలు. సూదులు తీసెయ్యి."

"ఇంకా యాభై నిమిషాలుంది, యాదగిరిగారూ. నొప్పిగా ఉందా?"

"నొప్పి లేదు, గిప్పి లేదు. నువ్వు తియ్యకుంటె నేనే గుంజుకుంట."

పక్క మంచం మీది సత్తెమ్మ అవ్వ నవ్వేది. "ఏందిరా యాదగిరీ, నీ మంచంల ముండ్లు వోసిన్రా? నాకైతే ఇంట్ల కోడలి లొల్లి కంటె గిదే సల్లగున్నది."

మధ్యలో ఆపితే 'పేషెంట్ కోరిక మీద ఆపాం' అని ఒక ఫారం నింపి సంతకం తీసుకోవాలి. ఆయన చదవకుండానే పెట్టేవారు. "రాయించుకోమ్మా, మన బాధ్యత తీరిపోతుంది" అనేవారు మా ఇన్‌చార్జి శ్రీనివాస్ గారు. కండరాలు పట్టేస్తున్నాయేమోనని నేను నీరు తీసే వేగం తగ్గించి చూశాను. మంచం కిటికీ పక్కకు మార్చాను. ఏదీ పనిచేయలేదు.

ఆగస్టులో ఒక సోమవారం ఆయన్ని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. కాళ్లు ఉబ్బాయి, ఊపిరి అందడం లేదు. తీయకుండా మిగిలిపోయిన నీరు ఊపిరితిత్తుల్లో చేరింది. ఆక్సిజన్ పెట్టి వెంటనే మెషిన్ మీదికి ఎక్కించాం. తలుపు దగ్గర లక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. "ఇంకొకపారి గిట్లయితె బతకడని డాక్టర్ సాబ్ అన్నడు. జర మీరన్న చెప్పుండ్రి మేడం. నా మాట ఇంటలేడు."

ఫైలు తెరిచాను. పదకొండు ఫారాలు, అన్నింటి మీదా సంతకాలు. మా ఫైలులో ఏ తప్పూ లేదు. ఆయన ఊపిరితిత్తుల్లో నీళ్లున్నాయి.

ఇంటికెళ్లి నా డైరీ తిరగేశాను. ఎవరి మనవడు వచ్చాడు, ఎవరు ముందు దిగారు లాంటి చిల్లర విషయాలన్నీ అందులో రాసుకుంటాను. యాదగిరిగారు సూదులు తీయమన్నది ఏ రోజూ ఒకే సమయానికి కాదు. ఎవరో ఒకరు దిగి, తమవాళ్లతో గుమ్మం దాటిన కాసేపటికే అడిగారు. వానకు మిగతావాళ్లు ఆలస్యమై, ఈయన ఆఖరివాడు కాని ఒక్కరోజు మాత్రం అడగకుండా నాలుగు గంటలూ ఉన్నారు.

తర్వాతి సారి ఆయన మంచం దగ్గర చాలాసేపు తచ్చాడి, చివరికి అడిగాను. "అందరూ వెళ్లిపోతుంటే మీకు భయమా?"

గోడవైపు తిరిగారు. అటే చూస్తూ చెప్పారు.

"ఏడేండ్లుండె నాకు. శామీర్‌పేట దిక్కు ఓ పెండ్లికి తీస్కపోయింది మా అమ్మ. బంతిల కూసుండవెట్టి, 'తింటుండు, నీళ్లు తెస్త' అన్నది. బంతి లేసింది. ఇంకో బంతి కూసున్నది, అదీ లేసింది. అందరి అమ్మలు పిల్లల మూతులు కడిగి తోల్కపోయిన్రు. నేను ఆకు ముంగటనే కూసున్న. వంటోళ్లు గంజులు తోముతుండిరి. తెల్లారి మా అవ్వ వచ్చి తీస్కపోయింది. అమ్మ మల్ల రాలే."

"ఎక్కడికి వెళ్లారో..."

"ఎవ్వలు చెప్పలే. లక్ష్మి వస్తదని నాకు ఎరికే బిడ్డా. అయినా ఒక్కొక్కలు పోతుంటె పానం నిలుస్తలేదు."

మరుసటి రోజు శ్రీనివాస్ గారితో, ఆయన్ని అందరికంటే ముందు ఎక్కిద్దాం అన్నాను. ముందొస్తే ముందు ఎక్కించడం మన రూలే కదా అన్నారాయన. లక్ష్మి అలియాబాద్ పాలబండి వాడిని బతిమాలింది. ఆ బండిలో మొగుడూపెళ్లాలిద్దరూ తెల్లవారేసరికి మా గేటు దగ్గర ఉండేవారు. "ఫస్టు సూది నాదే గదా?" అని యాదగిరిగారు నాలుగుసార్లు అడిగేవారు. కాలు ఊపుతూనే మూడు నెలలు నాలుగేసి గంటలు గడిపారు. ఒంటి వాపు తగ్గింది.

నవంబర్లో ఒక పొద్దున మెషిన్లకు నీటిని శుద్ధిచేసే ప్లాంటు చెడిపోయింది. బాగయ్యాక ఆయన మెషిన్ మొరాయించి, అందరికంటే ఆఖరున పదిన్నరకు మొదలైంది. ఒంటిగంటన్నర దాటేసరికి మిగతా మంచాలన్నీ ఖాళీ. ఆయన నుదుటి మీద చెమట.

"తీసెయ్యి బిడ్డా."

నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది. ఆ రోజు మా అమ్మను కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. 'నేనిక్కడే ఉంటాలెండి' అనేసి నెమ్మదిగా జారుకోవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"రెండింటికి నేను వెళ్లిపోతాను. రెండున్నరకి శ్రీనివాస్ గారు సూదులు తీస్తారు. అప్పటికి లక్ష్మిగారు వచ్చేస్తానన్నారు."

"పోతవా?"

"పోతాను."

"మల్ల రావా?"

"ఇవాళ రాను. రేపు నాకు సెలవు. ఎల్లుండి పొద్దున్నే వస్తాను."

మళ్లీ అడిగారు, మళ్లీ అదే చెప్పాను. రెండింటికి మంచం దగ్గర నిలబడి "వెళ్తున్నాను" అన్నాను. ఆయన గడియారం మీది నుంచి చూపు తిప్పలేదు. మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగాను. కంటి డాక్టరు దగ్గర మా అమ్మ నా మోకాలి మీద చరిచింది. "ఏమిటే ఆ కాలు ఊపడం?"

సెలవు తర్వాత వెళ్లగానే చార్టు చూశాను. శ్రీనివాస్ గారి చేతిరాతలో 'నాలుగు గంటలు' అని ఉంది.

"నరకం సూసిన" అన్నారు యాదగిరిగారు. "గుంజుకుందామని రెండుపార్లు చెయ్యి వెట్టిన."

"మరి?"

"నువ్వు పోతనని చెప్పి పోయినవ్. నీకోసం ఎదురుసూసుడు లేకుండె. ఒక్క లక్ష్మి కోసమే సూసిన."

మా పనిలో అందరం రోజుకు వందసార్లు 'ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా' అంటాం. ఆ నిమిషం అరగంట అవుతుంది. మంచం మీది మనిషి కదలలేడు, మన వెనక రాలేడు. యాదగిరిగారి తర్వాత నేనా మాట మానేశాను. వెళ్లేటప్పుడు వెళ్తున్నానని, ఎంతసేపో, తర్వాత ఎవరు వస్తారో చెబుతున్నాను. కొందరి మొహం చిన్నబోతుంది. చెప్పడానికి ఇప్పటికీ నాకు మొహమాటమే. అయినా చెప్పే వెళ్తాను.