మంగళవారం నాటి విస్తరి

అరుణమ్మకి ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయినవాడి తిథిని ఆదివారానికి జరుపుతారా ఎక్కడైనా? అదేమన్నా ఆఫీసు మీటింగా?

"మంగళవారం మాకు కొత్త సిస్టం లైవ్‌కి వెళ్తోందమ్మా. బ్యాంకు మొత్తం నా నెత్తిన ఉంది. సండే పెట్టుకుందాంలే," అన్నాడు ఫోన్లో పెద్దకొడుకు రమేష్. రాఫెల్స్ ప్లేస్‌లో ఓ బ్యాంకులో ఐటీ మేనేజరు. ఆ 2007లో సాఫ్ట్‌వేర్ వాళ్లకి తుమ్మడానికి కూడా తీరిక లేదు, నిజమే.

"మీ అయ్య ఆదివారం పోనేదురా. ద్వాదశినాడు పోయాడు. ఆకలేసినోడు ఆ రోజే వస్తాడు గానీ నీ సెలవు సూసుకొని వస్తాడేటి?"

గంటసేపు వాదించాక దిగొచ్చాడు. "సరే, పదకొండుకి వస్తా. కానీ వాడు విస్తరి దగ్గర కనపడకూడదు."

వాడంటే జనార్ధనరావు. తొమ్మిదేళ్ల కిందట కాకినాడ నుంచి సముద్రం దాటి కంప్యూటర్ ఉద్యోగానికొచ్చి, ఆమె చిన్నకొడుకు కమల్‌తో జతకలిసి, జురాంగ్ ఈస్ట్‌లో ఆమె ఫ్లాట్‌లోనే ఉండిపోయాడు. వాళ్లిద్దరూ ఏమవుతారో ఆ ఇంట్లో నోరు తెరిచి ఎవరూ అనలేదు. ఒకటే గది, ఒకటే సంసారం, పప్పులో ఉప్పు ఎక్కువైందని ఒకటే పోట్లాట. అది చాలదూ తెలియడానికి! కమల్ నౌకల యార్డులో సూపర్‌వైజరు. బాగుచేసిన ఓడని పరీక్షించడానికి సముద్రం మీదికి పోయాడు, గురువారం దాకా రాడు. లేకపోతే రమేష్‌ని ఇంతగా బతిమాలుకునే ఖర్మ ఆమెకెందుకు?

ఆ ఏడాది పేపర్ల నిండా ఒకటే గొడవ. మగవాడు మగవాడితో కాపురం చేయడాన్ని నేరంగా చూసే పాత చట్టం ఉంచాలా, తీసేయాలా అని. ఉంచాలన్నవాళ్ల కాగితం మీద రమేష్ సంతకం పెట్టాడు. అక్కడితో ఆగక తల్లి దగ్గరికీ తెచ్చాడు.

"ఫ్యామిలీ వేల్యూస్ అమ్మా. వీళ్లని చూసి రేపు నా పిల్లలేం నేర్చుకుంటారు?"

వేల్యూసట వేల్యూస్! అరుణమ్మ పుట్టింది ఈ గడ్డ మీదే, సెంబవాంగ్ నేవీ క్వార్టర్లలో. అక్కడే డాక్‌యార్డు కూలీ సింహాచలాన్ని పెళ్లాడింది. ఆ ఇంగ్లీషు మాటకి అర్థం ఆమెకి సరిగా తెలియదు. తెలిసిందల్లా ఒకటే. సింహాచలానికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు మంచాన పడితే, కమల్ రాత్రి, జనార్ధనరావు పగలు వంతులేసుకుని ఎత్తారు, దించారు, కడిగారు. దానికోసం జనార్ధనరావు రాత్రి డ్యూటీ ఉద్యోగానికి మారాడు. రమేష్ ఆదివారాలు ఆపిల్ పళ్లతో వచ్చి, గుమ్మంలో నిలబడి, ముక్కు మూసుకోలేక అవస్థపడి వెళ్లేవాడు. పాపం, వాడి పని వాడిది. రాకుండా మాత్రం ఉండలేదు. కానీ మీదపడి నీతులు చెప్తే ఎలా ఊరుకోవడం?

కాగితం వెనక్కి ఇచ్చేసింది. సంతకం ఎందుకు పెట్టదో మాత్రం చెప్పలేకపోయింది. అదే ఆమె అసలు మంట. లిటిల్ ఇండియా గుడి దగ్గర ఎవరైనా, "మీ ఇంట్లో ఆ అబ్బాయెవరు?" అంటే, "గది అద్దెకిచ్చాం," అని తొమ్మిదేళ్లుగా బొంకుతోంది. ఆ మాట జనార్ధనరావు కూడా విన్నాడు. ఒకసారి ఆమె పక్కనే నిలబడి, కూరల సంచి పట్టుకుని.

మంగళవారం వచ్చింది. జనార్ధనరావు సెలవు పెట్టి తెల్లారకుండానే పొయ్యి దగ్గర చేరాడు. చేపల పులుసు, గారెలు, పరమాన్నం. సింహాచలానికి ఇష్టమైన బీరు సీసా, చుట్ట, కొత్త పంచె కూడా తెచ్చిపెట్టాడు. పదకొండవుతుంటే చేతులు కడుక్కున్నాడు.

"అన్నీ సర్దేశానమ్మా. రమేష్ గారొచ్చే వేళయింది, నేను కింద కూర్చుంటాను."

వద్దని ఆమె అనలేదు.

పదకొండయింది. పన్నెండయింది. పులుసు మీద మీగడలా నూనె తేరింది. ఒంటిగంటకి ఫోను మోగింది.

"అమ్మా, ఇక్కడ సిస్టం పడిపోయింది. కదల్లేను. అన్నీ ఫ్రిజ్‌లో పెట్టు, సండే వచ్చి నేనే పెడతా. వాడి చేత మాత్రం ముట్టించకు."

అరుణమ్మ ఫోను పెట్టేసింది. ఎవరిమీద అరవాలో తెలియలేదు. కన్నకొడుకు చేతే పెట్టించాలంటూ పట్టుకు వేలాడింది తనే కదా! ఛీ, ఏం బతుకిది! నడవాలోకి వెళ్లి పిట్టగోడ మీంచి వంగి చూసింది. ఆరంతస్తుల కింద, చదరంగం బల్ల దగ్గర, జనార్ధనరావు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పొద్దుట్నించి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

"జనా! పైకి రా!" బ్లాకంతా వినబడేలా అరిచింది.

వచ్చాడు. ఆమె విస్తరి ముందు పీట వాల్చింది. "కాళ్లు కడుక్కుని కూకో. నువ్వే పెట్టు."

జనార్ధనరావు కూర్చోలేదు. వాళ్ల ఆచారంలో విస్తరి పెట్టేవాడు తానెవరో పోయినవాడికి చెప్పుకుని, తర్వాతే ముద్ద వడ్డించాలి. ఆ సంగతి అతనికి తెలుసు.

"ఏమని చెప్పమంటారమ్మా? నేనెవర్ననీ?" మెల్లగా అడిగాడు. దెప్పడానికి కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

అరుణమ్మ గోడమీది మొగుడి ఫోటో వైపు తిరిగి కోపంగానే అంది: "ఏటయ్యా, నీకు వేరే సెప్పాలా? ఎనిమిది నెలలు నిన్నెత్తినోడే. మనోడే. తిను."

అతను కూర్చుని వడ్డించాడు. ఆ ఊళ్లో కాకికి ముద్ద పెడితే జరిమానా వేస్తారని తెలిసీ పిట్టగోడ మీద పెట్టారు. సాంబ్రాణి పొగలో ఇద్దరూ తిన్నారు.

సాయంత్రం రమేష్ ఫోను. "సండే పది గంటలకొస్తాం. శాంతి, పిల్లలు కూడా వస్తారు. అన్నీ రెడీగా ఉంచు."

"ఆదివారం ఎందుకురా? మీ అయ్య ఇయ్యాలే తినేసి ఎల్లిపోయాడు."

"ఎవరు పెట్టారు?"

"ఇంట్లో ఉన్నోడు పెట్టాడు," అంది అరుణమ్మ.