గంటన్నర ఖాళీ

అరోరాలో మా అపార్ట్‌మెంట్‌లోని డైనింగ్ టేబుల్ మీద రెండు పూటలా భోజనాలు, మిగతా వేళంతా నా నక్షత్రాలు. అప్పటికి అమెరికాలో హెచ్-ఫోర్ వీసా వాళ్లకి, అంటే ఉద్యోగానికొచ్చినవాళ్ల వెంట వచ్చిన భార్యలకి, పని చేసే అనుమతి లేదు. విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, రెండేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చినదాన్ని, ఇక్కడ మా ఆయన వీసాకి తోకని. పార్టీల్లో ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే ఒళ్లు మండేది. ఐదేళ్లు మండింది.

అందుకే ఆ వెబ్‌సైట్ కనబడగానే ఆవురావురుమంటూ మీద పడ్డాను. అంతరిక్షంలో ఒక టెలిస్కోపు ఆకాశంలో ఒకే ముక్కని రెప్ప వేయకుండా చూస్తూ, అరగంటకొకసారి ఒక్కో నక్షత్రం వెలుగుని కొలిచి పంపేది. ఆ రీడింగుల్ని గ్రాఫులుగా వేసి, కాస్త చూసిపెట్టండి బాబూ అని మాలాంటి ఖాళీగా ఉన్నవాళ్లని అడిగేవారు. నక్షత్రానికి అడ్డంగా గ్రహం వెళితే వెలుగు రవ్వంత తగ్గుతుంది, తగ్గినట్టే మళ్లీ పెరుగుతుంది. గ్రాఫులో అటూ ఇటూ ఒకేలా ఉండే చిన్న గుంట పడుతుంది. అందరూ ఆ గుంటల కోసమే వెతికేవారు.

నాకు మాత్రం తోకచుక్క కావాలి. అది అడ్డం వస్తే ముందు తల వస్తుంది కాబట్టి వెలుగు చటుక్కున పడిపోవాలి. వెనకాల తోక పలచబడుతూ జరుగుతుంది కాబట్టి మెల్లగా, జ్వరపడి లేచిన మనిషిలా తేరుకోవాలి. మన సూర్యుడి చుట్టూ కాదు, వేరే సూర్యుడి చుట్టూ తిరిగే తోకచుక్క! వెలుగు కొలతల్లో అలాంటిదాన్ని పట్టినవాళ్లు నాకు తెలిసి అప్పటికి లేరు.

ఆర్నెల్లు ఉండి వెళదామని వచ్చిన మా అత్తగారు ఒకరోజు నా భుజం మీదుగా తొంగి చూశారు. "అదేమిటే, మీ మామగారి ఈసీజీలా ఉంది?"

"తోకచుక్క కోసం వెతుకుతున్నానత్తయ్యా."

"హవ్వ! తోకచుక్క పొడిస్తే రాజ్యానికి అరిష్టమంటారు. ఎదురెళ్లి మరీ వెతుక్కుంటావా? ముందు పొయ్యి మీద పప్పు చూడు తల్లీ, మాడుతోంది."

మాడింది కూడా. దాన్ని గిన్నెతో సహా సింకులో పడేసి మళ్లీ కూర్చున్నాను. మనసు ఒకచోట నిలిచేది కాదు. పాపని స్కూల్ నుంచి పికప్ చేసుకోవడానికి వెళ్లినా కార్‌లో లాప్‌టాప్ తెరిచే ఉండేది.

మార్చిలో ఒక ఉదయం దొరికింది. చటుక్కున పడిన వెలుగు, రోజంతా తీసుకుని మెల్లగా లేచింది. ఆ వెబ్‌సైట్ చర్చల ఫోరంలో పెడితే "టెలిస్కోపు తిక్క, వదిలేయండి" అన్నారు. వదలలేదు. గంట దూరంలో ఉన్న యూనివర్సిటీలో ఒక ఖగోళశాస్త్ర ప్రొఫెసర్‌కి, పెద్దాయనకి, ఆ గ్రాఫ్ పంపాను. పక్క నక్షత్రాల్లో కూడా అదే సమయానికి వెలుగు తగ్గిందేమో చూడమని రాశారాయన. తగ్గితే తప్పు టెలిస్కోపుది. వారం రోజులు కూర్చుని చుట్టుపక్కల నక్షత్రాలన్నీ చూశాను. ఒక్కటీ తగ్గలేదు.

ఆయన ఫోన్ చేశారు. "రీసెర్చ్ పేపర్ రాయడం మొదలుపెట్టాను. రెండో పేరు మీది. ఏ సంస్థ అని రాయమంటారు?"

"ఏ సంస్థా లేదండీ."

"అయితే పేరు కింద 'అరోరా, ఇల్లినాయ్' అని రాస్తాను."

ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి ఏడ్చాను. ఐదేళ్లలో ఈ దేశంలో నా పేరు మా ఆయన పేరు పక్కన కాకుండా ఇంకోచోట రాస్తానన్నవారు ఆయనొక్కరే.

పేపర్‌తో పాటు రీడింగుల పట్టిక కూడా జతచేయాలి, పంపండి అన్నారు. ఆ పని నాదే. ఒక్కో రీడింగు పక్కన టైమ్ వేసుకుంటూ వస్తున్నాను. అరగంట, అరగంట, అరగంట. గుంట తేరుకుంటున్న చోట ఒక్కసారిగా గంటన్నర. మధ్యలో రెండు రీడింగులు లేవు. టెలిస్కోపు ఆగిందేమోననుకుని అసలు ఫైలు తెరిచాను. రెండూ ఉన్నాయక్కడ. వెలుగు ఇంకా తక్కువగా ఉండాల్సిన చోట అవి రెండూ ఎగిరి మామూలు స్థాయిలో కూర్చున్నాయి.

వాటిని నేనే తీసేశాను. మొదటిరోజు గ్రాఫ్ వేసేటప్పుడు, ఆలోచనైనా లేకుండా.

విశాఖలో మా ల్యాబ్‌లో అందరం అదే చేసేవాళ్లం. ప్రాక్టికల్స్‌కి జవాబు ఎంత రావాలో ముందే తెలుసు కాబట్టి సగం రీడింగులు వండేవాళ్లం. గీతకి దూరంగా ఏ చుక్క పడినా రబ్బరు పెట్టి చెరిపేవాళ్లం. రికార్డు నీటుగా ఉంటే మా మాస్టారు 'గుడ్' అని సంతకం పెట్టేవారు. తర్వాత నేను పాఠం చెప్పిన రెండేళ్లూ నేనూ పెట్టాను.

రెండు రోజులు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ప్రొఫెసర్ నా గ్రాఫ్‌నే నమ్మారు. ఆ గంటన్నర ఖాళీని టెలిస్కోపు మీదకి నెట్టేస్తే అడిగేవాళ్లు లేరు. మా ఆయనకి చెబితే, "రెండు పాయింట్లే కదా, లైట్ తీసుకో" అన్నారు. మూడోరోజు పొద్దున పాపని స్కూల్‌లో దింపి, పార్కింగ్‌లో కార్ ఆపి, ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను.

"వాటిని కలిపి మళ్లీ పంపండి" అన్నారాయన.

పంపాను. నాలుగు రోజులకి జవాబు వచ్చింది. తోక మధ్యలో కాసేపు మాయమై మళ్లీ రాదు. ఆ రెండు రీడింగులు టెలిస్కోపు కదలడం వల్ల వచ్చినవైతే, మొత్తం గుంటే ఆ కదలికవల్ల పడి ఉండొచ్చు; చిన్న కదలిక పక్క నక్షత్రాల్లో కనబడాలని లేదు. కాకపోనూవచ్చు. ఈ స్థితిలో పేపర్ వేయలేం అని రాశారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ వేసవిలోనే టెలిస్కోపుని కదలకుండా నిలిపే చక్రం పాడై, అది ఆ ఆకాశం ముక్కని చూడటం మానేసింది. నా నక్షత్రంలో ఇంకో గుంట కోసం ఎదురుచూసే దారి కూడా మూసుకుపోయింది.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే ఎవరికి తెలిసేదే?" అన్నారు అత్తగారు, నా మీద జాలితోనే.

"ఎవరికీ తెలిసేది కాదు! అదే కదా నా ఏడుపు!" అని అరిచాను. అత్తగారి మీద గొంతు లేపడం అదే మొదటిసారి. ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు.

నిజం చెబితే గుండె తేలికవుతుందంటారు. ఎవరికి అయిందో నాకు తెలీదు. నాకైతే ఈ రోజుకీ కాలేదు. ఆ ఫైలు తెరిచి, రెండు రీడింగులతో ఒకసారి, లేకుండా ఒకసారి చూస్తూనే ఉంటాను. అది తోకచుక్కేనని నా నమ్మకం. ఆ మాట ఎవరైనా అనొచ్చు, నేను తప్ప.