తలుపు సీనుకి తొంభై రెండు మార్కులు

పరువు తీయాలంటే ఎవరో పనిగట్టుకుని రావాలనుకుంటాం కదండీ? అక్కర్లేదు. మొన్న ఆదివారం సాయంత్రం నా పరువుని నేనే, ఇదిగో ఈ చేత్తోనే, పెన్‌డ్రైవ్‌తో పాటు పీకి పారేసుకున్నాను. టీ చల్లారిపోతోంది, తాగుతూ వినండి. నవ్వకండి మాత్రం. నవ్వడానికి ఇంట్లో ఒకావిడ ఉంది, చాలు.

రాజమండ్రిలో మా అపార్ట్‌మెంట్ కింద హాల్లో నేనొక ఫిల్మ్ క్లబ్ నడుపుతున్నానా, జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యాక ఏమీ తోచక పెట్టింది. నెలకో ఆదివారం ఒక మంచి సినిమా. మంచి సినిమా అంటే అవార్డొచ్చిన సినిమా. ప్రతి సినిమాకీ నూటికి ఇన్ని మార్కులని వేసి నోటీసు బోర్డు మీద అంటిస్తాను. ముప్ఫై ఏళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరికే ఉండమంటే ఉంటుందా! అవార్డు సినిమా అయితే ఎనభైకి తగ్గదు. మాటలొచ్చిన కొత్తల్లో తీసిన పాత టాకీలు మాత్రం పది దాటవు. ఏముందండీ వాటిల్లో? కథ పావుగంట, పాటలు రెండు గంటలు. మైకు పూలకుండీలో దాచేవారట, అందుకని రాజూ రాణీ మంత్రీ వరసపెట్టి ఆ కుండీ దగ్గరికే వచ్చి మొరపెట్టుకుంటారు.

ఇంత చేస్తే నా సినిమాలకి జనం నిలవరే! కిందటి నెల సినిమా అయ్యేసరికి హాల్లో మిగిలింది ముగ్గురం. నేనూ, వాచ్‌మనూ, ఇంకొకాయన. ఆ ఒక్కాయనా లైట్లు వెయ్యగానే నిద్రలేచి "ఇంటర్వెల్లాండీ?" అన్నాడు.

ఇదే సందని మా ఆవిడ పద్మ అసోసియేషన్ మీటింగులో లేచింది. "ఖాళీ కుర్చీలకి సినిమా చూపించే బదులు, ఆ హాలేదో మా ఆడవాళ్ల తంబోలాకి ఇవ్వండి" అంది. సొంత పెళ్లామండీ! ప్రెసిడెంటు గారు ఇద్దరికీ చెడకుండా ఒక మాట చెప్పారు. ఈ ఆదివారం సినిమా పూర్తయ్యేసరికి ఇరవై మంది మిగిలితే క్లబ్బు ఉంటుంది. ఒక్కరు తగ్గినా హాలు తంబోలాకే.

బుద్ధున్నవాడెవడైనా ఏం చేస్తాడు? ఏ కామెడీయో వేసి గండం గట్టెక్కుతాడు. నేను ఇంకా పెద్ద అవార్డొచ్చింది తెచ్చాను! పైగా ముందు చిన్న లెక్చరు. "ఈ సినిమాలో ఒక షాట్ ఉందండీ. మూసిన తలుపు. నాలుగు నిమిషాలు కెమెరా కదలదు. అవార్డొచ్చిందే దానికి. ఆ టైములో దయచేసి ఎవరూ కదలొద్దు, దగ్గొద్దు. నేను తొంభై రెండు వేశాను." సినిమా అయ్యాక, చెత్త ఎలా ఉంటుందో కూడా తెలియాలి కాబట్టి, ఒక పాత టాకీ పది నిమిషాలు చూపిస్తానని చెప్పాను. దానికి నేనేసింది తొమ్మిది. రెండు సినిమాలూ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి.

మొదలైంది. ముప్ఫై ఒక్క మంది! పద్మ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, తంబోలా టిక్కెట్లు ఒళ్లో పెట్టుకుని, వెళ్లేవాళ్లని లెక్కపెడుతోంది. తెర మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. లేచాడు. మంచినీళ్లు తాగాడు. మళ్లీ కూర్చున్నాడు. ఇక్కడ ఒకావిడ పొయ్యి మీద పప్పుందని వెళ్లిపోయింది. ఒకాయన మోటారు కట్టాలన్నాడు. ఇంకొకాయన ఏమీ చెప్పకుండానే పోయాడు. "ఇరవై ఎనిమిది" అంది పద్మ, నాకు వినపడేలాగ.

నేనేమో మధ్యాహ్నం పనసపొట్టు కూర కాస్త గట్టిగానే లాగించానండీ. పైన ఏసీ. కళ్లు మూతలు పడిపోయాయి.

మెలకువొచ్చి చూద్దును కదా, తెర మీద ఏదో తలుపు. కదలదు. సౌండు లేదు. ఓరి నాయనోయ్, స్ట్రక్ అయిపోయింది! వెనక్కి తిరిగితే జనం కూడా కదలట్లేదు. గబగబా లెక్కపెట్టాను, ఇరవై రెండు. ఇంకో నిమిషం ఆలస్యమైతే వీళ్లూ లేచిపోతారు, నా క్లబ్బు పోతుంది. "కంగారు పడకండి! కూర్చోండి, కూర్చోండి! ఒక్క నిమిషంలో బాగుచేసేస్తా!" అని పరిగెత్తాను. వైరు కదిపాను. ప్రొజెక్టరు నెత్తిన రెండు మొట్టాను. ఉహూ. చివరికి పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్క పీకు పీకాను.

ముందు వరసలో సూర్రాజు గారున్నారు. కోరుకొండ ఆయన, ఎనభై దాటాయి, వయసులో ఉండగా పద్యనాటకాల్లో వేషాలేశారు. ఆయన మెల్లిగా, ఎంతో మర్యాదగా అన్నారు.

"మాస్టారూ... మీరు కదలొద్దన్న తలుపు అదేనేమోనండీ. ఆయ్, మేం ఊపిరి కూడా బిగబట్టుకుని కూర్చున్నామండీ."

 గుమ్మం దగ్గర్నుంచి పద్మ అందుకుంది. "అయితే ఈ సినిమా మీరు చూడనే లేదన్నమాట! చూడకుండానే తొంభై రెండా? కాలేజీలో పేపర్లు కూడా ఇలాగే దిద్దారా ఏంటి?"

హాలు హాలంతా ఒకటే నవ్వు. మూడో వరసలో నా పాత స్టూడెంటు ఒకడున్నాడు, ఇంటర్‌లో ఉండగా నేను దిద్దిన పేపర్లో ఒక్క మార్కుతో తప్పాడు. వాడు మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తున్నాడు.

"చూశానండీ! అంటే... ట్రైలర్ చూశాను. రివ్యూలు మూడు చదివాను" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ కంగారులోనే పెన్‌డ్రైవ్ మళ్లీ గుచ్చాను. గుచ్చగానే హార్మోనియం మోగింది. ఖర్మ! పాత టాకీ!

ఆపుదామని రిమోట్ వెతుక్కునేలోపు, తెర మీద రాజు చెరసాల్లో ఉన్న పూలకుండీ దగ్గరికి నడిచొచ్చి పద్యం ఎత్తుకున్నాడు. చెరసాల్లో పూలకుండీ ఏంటో మరి! ఆయన రాగం తీసి, తీసి, తీసి, ఎలాగో దింపాడు. నేను రిమోట్ ఎత్తాను. వెంటనే సూర్రాజు గారు కుర్చీలోంచి లేచి గొంతెత్తి అరిచారు.

"వన్స్‌మోర్!"

"సినిమాలో వన్స్‌మోర్ ఏంటండీ బాబూ? పాడినాయన పోయి ఎన్నేళ్లయిందో!"

"ఆయన లేకపోతే ఏమైందండీ, రిమోట్ మీ దగ్గరుందిగా!"

తిప్పాను. ఏం చేస్తాను? రాజు మళ్లీ పాడాడు. ఈసారి వెనక వరసలోంచి కూడా వన్స్‌మోర్! మళ్లీ తిప్పాను. ఆ తర్వాత యుద్ధం. సేనాపతి గుండెల్లో బాణం దిగింది. చావొచ్చుగా? చావడు! బాణంతో సహా కుండీ దగ్గరికి పాక్కుంటూ వచ్చి, ఒక పాటంతా పాడి అప్పుడు చచ్చాడు. "వన్స్‌మోర్!" వెనక్కి తిప్పితే చచ్చినవాడు లేచి నిలబడ్డాడు, బాణం గుండెల్లోంచి ఊడి గాల్లో వెనక్కి పోయింది. ఈలలండీ! సూర్రాజు గారికి కళ్లంట నీళ్లొచ్చేస్తున్నాయి. "మా నాటకంలోనూ అంతేనండీ, నేను మూడుసార్లు లేచి చచ్చేవాణ్ణి" అని పక్కాయనకి చెప్పుకుంటున్నారు.

గోల విని పప్పావిడ దిగొచ్చింది. మోటారాయన దిగొచ్చాడు. తంబోలా ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. సేనాపతి నాలుగోసారి చచ్చినప్పుడు వన్స్‌మోర్ అని అరిచిన గొంతు ఎక్కడో విన్నట్టుందే అని చూస్తే, పద్మ!

సినిమా అయ్యేసరికి యాభై మూడు మంది. ఇరవై కాదు, యాభై మూడు! నా బొటనవేలు వాచిపోయిందనుకోండి, అయినా ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ప్రెసిడెంటు గారు లేచారు. "క్లబ్బు ఉంటుందండీ. అయితే ఇకమీదట సినిమాలు ఎంచేది సూర్రాజు గారు." నా మొహం చూసి జాలేసిందేమో, "మాస్టారు గారు రిమోట్ చూసుకుంటారు" అని కలిపారు. చప్పట్లు కొట్టారండీ దానికి!

కుర్చీలు సర్దుతుంటే పద్మ వచ్చి ఒక తంబోలా టిక్కెట్టు నా చేతిలో పెట్టింది. వెనక ఎర్ర పెన్నుతో, నాకు నూటికి తొమ్మిది.

"ఇదేంటే, మరీ తొమ్మిదా!" అన్నాను.

"నేను మీలాగ చూడకుండా వెయ్యనండీ" అంది. "ముప్ఫై నాలుగేళ్లు పూర్తిగా చూశాకే వేశాను."