మన సృష్టికి రెండు రోజులు

1981 ఆగస్టులో, అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం దక్షిణాన బొగ్గు గనుల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి హైస్కూల్లో నన్ను బిల్డింగ్ రెప్‌గా ఎన్నుకున్నారు. అంటే టీచర్ల సంఘం తరఫున ఆ బడికి ప్రతినిధి. అప్పటికి కొన్నేళ్లుగా అక్కడ కెమిస్ట్రీ చెబుతున్నాను. ఎన్నుకున్నారని గొప్పగా అంటున్నాను గాని, ఆ పదవికి జీతం లేదు, తిట్లుంటాయి. పోటీకి ఎవరూ నిలబడలేదు. నాకు మాత్రం సరదాగానే ఉండేది. తెనాలిలో మా నాన్నగారిది బట్టల కొట్టు. బాబాయిలవీ మామయ్యలవీ కిరాణా కొట్లు, ఇత్తడి సామాన్ల కొట్లు. ఎమ్మెస్సీ చదివి ఇంత దూరం వచ్చినా, నాకు నిజంగా వచ్చిన విద్య బేరమొక్కటేనని లోపల ఒక నమ్మకం ఉండేది.

ఇక్కడి ప్రభుత్వ బడుల సంగతి తెలియనివారికి ఒక మాట. బడిని నడిపేది ఎక్కడో రాజధాని నుంచి వచ్చే ఉత్తర్వు కాదు. ఊరివాళ్లు ఓట్లేసి గెలిపించిన ఏడుగురు సభ్యుల బోర్డు. ఆ బోర్డు జీతమిచ్చి పెట్టుకునే అధికారి సూపరింటెండెంట్. ఆయన కింద ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్ కింద మేము. మా బోర్డు అధ్యక్షుడు మిస్టర్ క్రాండల్‌కి మెయిన్ వీధిలో హార్డ్‌వేర్ కొట్టు ఉండేది. నేను వెళ్లినప్పుడల్లా "ఏం ప్రొఫెసర్, ఇవాళ దేనికి పేచీ?" అనేవాడు. ఆ ఊళ్లో నాకు బాగా అర్థమైన మనిషి ఆయనే. చొక్కా జేబులో పెన్సిలు, ఎదుటివాడి మొహం మీద కళ్లు. మా కొట్లో కూర్చోబెట్టినా ఇమిడిపోయేవాడు.

ఆ శరదృతువులో బోర్డు ఒక తీర్మానం చేసింది. బయాలజీ క్లాసులో పరిణామ సిద్ధాంతానికి ఎన్నాళ్లు కేటాయిస్తే, దేవుడు సృష్టించాడనే వాదానికీ అన్నాళ్లే కేటాయించాలి. దానికి 'సృష్టి విజ్ఞానం' అని పేరు. పాఠం చెప్పడానికి ఒక చిన్న పుస్తకం కూడా తెప్పించారు. ఆ రోజుల్లో దేశంలో ఆ గాలి వీస్తోంది. దక్షిణాదిన ఒకటి రెండు రాష్ట్రాలు ఏకంగా చట్టాలే చేశాయి. మా ఊరివాళ్లు చట్టం దాకా ఆగలేదు.

బయాలజీ చెప్పేది మిసెస్ కెల్లర్. యాభై దాటిన మనిషి. ఆదివారం మెథడిస్టు చర్చిలో పాడే బృందంలో ముందు వరస ఆవిడది. భర్త వాల్టర్ గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడు చేసుకుని, ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పక్కన కూర్చుని ఉండేవాడు. ఆయన వైద్యమంతా ఆవిడ ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్ మీదే నడిచేది. ఉద్యోగం పోతే అదీ పోతుంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, బోర్డుకి మరీ తెలుసు.

ఆ పుస్తకం చెప్పనని ఆవిడ ప్రిన్సిపాల్‌తో అనేసింది. "ఆదివారం నేను పాడేది నమ్మి. సోమవారం చెప్పేది చూసి. ఆ రెండూ ఒకే గంటలో కలపమంటే నా వల్ల కాదు" అందట. బోర్డు ఆవిడకు 'నోటీస్ టు రెమెడీ' ఇచ్చింది. తప్పు సరిదిద్దుకోమని ఇచ్చే హెచ్చరిక అది. దాని తరవాత మళ్లీ అదే పని చేస్తే ఎంత పాత టీచరునైనా తీసెయ్యవచ్చు.

ఇక నా పని మొదలైంది. మా కాంట్రాక్టు ప్రకారం ఫిర్యాదుకు మూడు మెట్లు. మొదట ప్రిన్సిపాల్, తరవాత సూపరింటెండెంట్, చివర బోర్డు. మొదటి రెండింటిలో ఎప్పుడూ ఏమీ జరగదు, జరగలేదు. మూడో మెట్టుకు ముందు సంఘం జిల్లా ఆఫీసు నుంచి డెనిస్ అనే ఉద్యోగి వచ్చాడు. లాయర్లతో మాట్లాడి వచ్చినవాడు. "మన చేతిలో ఉన్న బలమంతా ఒక్కటే. ఆ పుస్తకం ఒక్క మతం మాట. ప్రభుత్వ బడి ఒక్క మతాన్ని భుజానికెత్తుకోకూడదు. దాన్ని వదలకు" అన్నాడు.

వదలడమా? నేను దానికి ఇంకాస్త మెరుగు పెట్టాలనుకున్నాను.

బోర్డు సమావేశం బడి లైబ్రరీలో. పిల్లల కోసం చేసిన పొట్టి కుర్చీల్లో పెద్దవాళ్లందరం మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. మిసెస్ కెల్లర్ నా పక్కనే. కాంట్రాక్టులోని క్లాజు చదివాను. అదనపు పుస్తకాల ఎంపిక టీచరుదేనని అందులో ఉంది. ఎవరూ కదల్లేదు. అప్పుడు నా సరుకు తీశాను. నేను హిందువుననీ, మా వాళ్లకూ సృష్టి గురించి చెప్పుకునే కథ ఉందనీ, ఈ దేశంలో నేనూ పన్నులు కడుతున్నాననీ అన్నాను. సమాన కాలమే న్యాయమైతే, వాళ్ల పుస్తకానికి ఇచ్చినట్టే మా సృష్టికీ రెండు వారాలు ఇవ్వాలని అడిగాను.

నా లెక్క తేలిక. వాళ్లు ఉలిక్కిపడతారు, ఛీ అంటారు. ఆ మాట సమావేశం రికార్డులో ఎక్కుతుంది. ఒక్క మతాన్నే మోస్తున్నారని వాళ్ల నోటితోనే రుజువవుతుంది.

ఒక సభ్యురాలు ఛీ అనబోయింది కూడా. క్రాండల్ చెయ్యెత్తి ఆపాడు. జేబులోని పెన్సిలు తీసి, నా మొహంలోకి కాసేపు చూశాడు. "రెండు వారాలు ఎక్కువ ప్రొఫెసర్. రెండు రోజులు ఇస్తాను. ఓ రెండు పేజీలు రాసివ్వు, మిసెస్ కెల్లర్ చెబుతుంది" అన్నాడు. తీర్మానంలో 'సృష్టి విజ్ఞానం' అన్న చోట 'సృష్టి గురించి వివిధ సంప్రదాయాల వివరణలు' అని మార్చమన్నాడు. అక్కడికక్కడే ఓటింగ్ అయిపోయింది.

మా కొట్లో ఇలాంటిది ఎన్నోసార్లు చూశాను. కొనే ఉద్దేశం లేని మనిషి, మర్యాదగా బయట పడడానికి, సగం కన్నా తక్కువకి ఒక ధర అంటాడు. నాన్నగారు ఆ చీర ఎన్నాళ్లుగా బీరువాలో మగ్గుతోందో ఒక్క క్షణం ఆలోచించి, గుమాస్తాతో "కట్టెయ్" అనేవారు. ఆ మనిషి మొహం చూసి నేను నవ్వుకునేవాణ్ణి. కౌంటరుకి అవతల వైపు నేను నిలబడడం అదే మొదటిసారి.

బయట కార్ల దగ్గర మిసెస్ కెల్లర్ నన్ను ఆపింది. గొంతు పెంచే మనిషి కాదు.

"మిస్టర్ గుప్తా, మీకు ఆ రెండు రోజులు కావాలా?"

"అక్కర్లేదు."

"మరి ఎందుకడిగారు?"

వాళ్లు ఇవ్వరనుకుని అడిగానని చెప్పాను. ఆవిడ తలూపి, "వాల్టర్ పడుకోకుండా ఎదురు చూస్తుంటాడు" అంటూ కారెక్కింది.

మర్నాడు డెనిస్ ఫోన్ చేశాడు. లాయర్లు ఇప్పటికీ గెలవచ్చంటున్నారట. కాని ఇంతకుముందు ఒక్క దెబ్బతో పోయేది ఇప్పుడు ఏళ్లు పడుతుందట. బోర్డు ఇప్పుడు ఒక్క మతాన్నే మోస్తోందని చూపించడం కష్టం, పక్కన ఒక హిందువు కూర్చుని అడిగి మరీ తీసుకున్నాడు కదా. ఈలోగా నోటీసు మాత్రం అమల్లో ఉంటుంది, చెప్పనంటే ఉద్యోగం పోతుంది. "ఆవిడ అన్నేళ్లు ఆగగలదా?" అన్నాడు. జవాబు ఇద్దరికీ తెలుసు.

రెండు పేజీలు రాయడానికి కూర్చున్నప్పుడు ఇంకో ఇబ్బంది వచ్చింది. నాకు సత్యనారాయణ వ్రత కథ తప్ప ఏదీ సరిగ్గా రాదు. మా ఆవిడ సీత కూరగాయలు తరుగుతూ అంది:

"ఏ పురాణం తీస్తే ఆ పురాణంలో ఒక సృష్టి ఉంటుందండీ. ఏది రాస్తారు?"

"ఏదో ఒకటి. రెండు పేజీలకు సరిపోయేది."

"అడిగేటప్పుడు మీ దగ్గర సరుకుందో లేదో చూసుకోలేదా? కొట్లో కూడా ఇంతేనా మీరు?"

చివరికి బంగారు గుడ్డూ బ్రహ్మా అని ఏదో రాసి, టైపు చేసి ఇచ్చాను.

మిసెస్ కెల్లర్ క్లాసుకీ నా క్లాసుకీ మధ్య లాబ్ సామాన్ల గది, ఒక తలుపు. ఆ పాఠాలు నడిచినన్నాళ్లూ ఆ తలుపు తెరిచే ఉంది. ముందు ఆ చిన్న పుస్తకం చదివింది, తరవాత నా పేజీలు. అగ్ని ప్రమాదం జరిగితే ఏ ద్వారం గుండా బయటికి పోవాలో చదివే గొంతుతో చదివింది. ఒక అమ్మాయి "ఇది మిస్టర్ గుప్తా నమ్ముతారా?" అని అడిగింది. "ఆయన పక్క గదిలోనే ఉన్నారు, అడుగు" అంది ఆవిడ. క్లాసంతా నవ్వింది. నన్ను ఎవరూ వచ్చి అడగలేదు.

ఆ తరవాత ఒకసారి మేకుల కోసం వెళ్తే క్రాండల్, "అడిగింది ఇచ్చాను గదా ప్రొఫెసర్, ఇంకా ఆ మొహమేమిటి?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే నాకు మేలు చేశాననుకున్నాడు.

ఆవిడ ఇంకో ఏడాది కూడా అలాగే చదివింది. మూడో ఏడు వాల్టర్ పోయాడు. అంత్యక్రియలైన వారంలోనే ఆవిడ రాజీనామా ఇచ్చింది. కేసు వేద్దామని డెనిస్ అన్నాడు. కేసుకు ఒక టీచరు కావాలి, తను ఇప్పుడు టీచరు కాదని చెప్పి, సోదరి దగ్గరికి అయోవా వెళ్లిపోయింది. వెళ్లే ముందు లాబ్ గది తాళం చెవి నా చేతికిచ్చింది.

1987లో సుప్రీంకోర్టు ఒక దక్షిణాది రాష్ట్రం చేసిన అలాంటి చట్టాన్ని కొట్టేసింది. మా బోర్డు తన తీర్మానాన్ని వెంటనే ఎత్తేసింది. చర్చ లేకుండా ఒక్క ఓటుతో ముగించే చిల్లర అంశాలు కొన్నుంటాయి. వాటిలో, బస్సు టైర్లకూ భోజనశాల పాలకూ మధ్య అది వెళ్లిపోయింది. ఆ కబురు మిసెస్ కెల్లర్‌కు రాద్దామనుకున్నాను. కాని ఆ కబురుతో ఆవిడ చేసుకునేదేముంది?

ఆవిడ వెళ్లిన ఏడే ఆవిడ స్థానంలో వచ్చిన కుర్ర టీచరుకు అప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదు. అతను ఆ గొడవంతా విని, ఏదీ చెప్పకపోతే ఎవరికీ కోపం రాదని తేల్చుకున్నాడు. అలా ఆ చిన్న పుస్తకం పోయింది, నా రెండు పేజీలు పోయాయి, వాటితో పాటు పరిణామ సిద్ధాంతం అధ్యాయమూ పోయింది. దాని మీద నేను ఫిర్యాదు వెయ్యలేను. ఫిర్యాదుకు నష్టపోయిన టీచరు ఒకరుండాలి. అతను నష్టపోలేదు, హాయిగా ఉన్నాడు. పిల్లలకు ఏం పోయిందో పిల్లలకు తెలియదు.

రిటైరయ్యేదాకా సంఘం తరఫున బోర్డు ఎదుట బేరాల బల్ల దగ్గర కూర్చుంటూనే ఉన్నాను. జీతాల బేరాలు, సెలవుల బేరాలు చాలా చేశాను, కొన్ని బాగానే చేశాను. కొత్తగా బిల్డింగ్ రెప్ అయినవాళ్లు సలహా అడిగితే ఒకటే చెప్పేవాణ్ణి. ఏదైనా అడిగే ముందు, వాళ్లు సరేనంటే దాన్ని ఏం చేసుకుంటావో చూసుకో. ఏమీ చేసుకోలేనిదైతే నోరు తెరవకు, బల్లకు అవతలి వైపున కూడా ఒక కొట్టువాడు ఉండవచ్చు.